తెడ్డు బాగోగులు



నడి వేసవిలో ఉన్నాం. గోదావరి పాయల్లో నీరు తీసి ఇసుక తిప్పలు బయటపడ్డాయి. సముద్రం మీద ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం నడుస్తోంది. మరపడవలు, ఇంజను బిగించిన నావలు ఒడ్డెక్కాయి. ఇంజను లేని నావలకు ఈ నిషేధం వర్తించదు. అయినా చాలామంది మరమ్మతులు పెట్టుకునేది ఈ ఎండల్లోనే. పడవ బోర్లించి అడుగు గీకుతారు, సందులు పూడుస్తారు, రంగులు వేస్తారు. చెట్టు నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటారు. ఇంజను విప్పి మెకానిక్కుకి అప్పగిస్తారు. తెడ్డుని మాత్రం ఏ కొబ్బరిచెట్టుకో ఆనించి వదిలేస్తారు. ఈ పూట ఆ తెడ్డు గురించే మాట్లాడుకుందాం.

ఇంజను వచ్చాక తెడ్డుతో పనేముంది అనుకుంటాం. ఆషాఢం దాటి ఎర్రటి వరద నీరు వచ్చాక లంక గ్రామాల పరిస్థితి తలుచుకోండి. మందులు తేవాలన్నా, పాలు కేంద్రానికి వెయ్యాలన్నా, నొప్పులు పడుతున్న మనిషిని ఆసుపత్రికి చేర్చాలన్నా పడవే దిక్కు. నడి ఏట్లో ఇంజను ఫ్యానుకి గుర్రపుడెక్క చుట్టుకుని ఆగిపోయిందా, ఇక చేతిలో ఉన్నది తెడ్డొక్కటే. అప్పుడు ఆ కాడ పుటుక్కుమంటే పడవ ఎటు కొట్టుకుపోతుందో చెప్పలేం. అందుకే తెడ్డుని లైఫ్ జాకెట్ పక్కన పెట్టి చూడాలంటాను. దాన్ని బాగుచేసుకోవడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఇంట్లో కూర్చుని, వడ్రంగం రానివాళ్ళు కూడా చేసుకోగలిగిన పనే ఇది.

ముందు తెడ్డు ఎక్కడ పాడవుతుందో చూద్దాం. నీళ్ళలో ఉండి పాడవుతుందని చాలామంది నమ్మకం. నిజానికి తెడ్లు ఎక్కువగా చెడేది ఒడ్డు మీద, వాడకం లేని రోజుల్లోనే. చెక్క నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుంటుంది. ఈ ఉబ్బడం, కుంచించుకోవడం పొడవునా దాదాపు ఉండదు. అడ్డంగానే ఎక్కువ. చెక్క ఎండు బరువులో సుమారు 30 శాతం తేమ దాని పీచు గోడల్లో ఇమిడి ఉంటుంది. తేమ ఆ మట్టం కంటే కిందికి దిగినప్పుడే చెక్క కుంచించుకుపోవడం మొదలుపెడుతుంది. ఏట్లోంచి తీసిన తడి తెడ్డుని రోహిణి కార్తె ఎండలో పడేశామనుకోండి. రోళ్ళు పగిలే ఎండ అంటారు గదా. పైపొర గంటల్లో ఆరి బిగుసుకుంటుంది, లోపల ఇంకా తడి ఉబ్బు తగ్గదు. పైపొరకి చోటు చాలక పగులుతుంది. వెంట్రుకవాసి పగులే అది, మొదట్లో ఎవరికీ ఆనదు. మళ్ళీ నీళ్ళలో పెట్టినప్పుడు అందులోకి నీరు దూరుతుంది, మళ్ళీ ఎండలో ఆ నోరు కాస్త పెద్దదవుతుంది. రెండు మూడు వేసవులు ఇలా గడిస్తే మొన నుంచి నడుం దాకా చీలిక పాకుతుంది.

పుచ్చడం సంగతి వేరు. చెక్కని తినే బూజుకి తేమా కావాలి, గాలీ కావాలి. తేమ 20 శాతం దాటితే దానికి పండగే. అచ్చంగా నీటి అడుగున ఉన్న కలప ఏళ్ళ తరబడి చెక్కుచెదరదు, ఎందుకంటే అక్కడ గాలి అందదు. రేవులో పాతిన గుంజలు చూడండి. అడుగు గట్టిగా ఉంటుంది, పైభాగం గట్టిగా ఉంటుంది, నీటి మట్టం దగ్గర మాత్రం కొరికేసినట్టు సన్నబడుతుంది. మన తెడ్డుకీ తడీ పొడీ కలిసే చోటే ప్రమాదం. పడవ అడుగున నిలిచిన నీళ్ళలో తెడ్డుని రోజుల తరబడి పడుకోబెడితే ఒక పక్క నీరు, ఒక పక్క గాలి. బూజుకి కావలసినవన్నీ మనమే సమకూర్చినట్టు.

ఇక మొన. చెట్టులో నీళ్ళు పైకి ఎక్కే సన్నని గొట్టాలే చెక్క పొడవునా ఉంటాయి. పలక పక్కల్లో ఆ గొట్టాలు మూసుకుని ఉంటాయి, కోసిన కొస దగ్గర మాత్రం వాటి నోళ్ళు తెరిచే ఉంటాయి. పక్కల కంటే ఎన్నో రెట్లు వేగంగా నీరు అక్కడ నుంచి ఎక్కుతుంది. దానికి తోడు మనకొక అలవాటు ఉంది. రేవులోంచి పడవ కదలాలంటే తెడ్డు మొన ఇసుకలో గుచ్చి నెడతాం. ఇసుక ఆకురాయిలా ఆ మొన మీది రంగునంతా గీకేస్తుంది. నెట్టడానికి గడ ఉంది. వెదురు గడో, సరుగుడు గడో పడవలో ఒకటి వేసుకుంటే తెడ్డు ఆయుష్షు ఎంతో పెరుగుతుంది.

ఇప్పుడు తెడ్డుని చేతికి తీసుకుందాం. కడిగి తుడిచి పిడి చివర కంటి దగ్గర పెట్టుకుని, ఒక కన్ను మూసి కాడ వెంట చూడండి. వంకర ఉంటే తెలిసిపోతుంది. తర్వాత పిడి నుంచి మొన దాకా సుత్తి పిడితో మెల్లగా తడుతూ పోండి. గట్టి చెక్క ఠంగున పలుకుతుంది. పుచ్చిన చోట మొద్దు చప్పుడు వస్తుంది. ఆ చోట చాకు మొన గుచ్చితే సులువుగా దిగిపోతుంది. పలక మీద తడిగుడ్డతో ఒకసారి రాసి ఆరనివ్వండి. పైన అంతా ఆరిపోయాక కూడా పగులు ఉన్న గీత నల్లగా తడిగా కనిపిస్తుంది. దాని చివర ఎక్కడుందో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి.

ఒక్క రకం పగులు విషయంలో మొహమాటం వద్దు. పీచు వెంట పోయే చీలికని బాగుచేయవచ్చు. కాడ మీద, ముఖ్యంగా పడవ అంచుకి ఆనే చోట, పీచుకి అడ్డంగా సన్నని ముడతలాంటి గీత కనిపిస్తే లోపల పీచు నలిగిపోయిందని అర్థం. ఆ తెడ్డు ఒక రోజు చెప్పకుండా విరుగుతుంది. పైన జిగురు పూసినా, తాడు చుట్టినా దాని బలం తిరిగి రాదు. పలక బాగుంటే ఆ పలక ఉంచుకుని కాడ మార్చుకోవడమే మేలు.

చీలిక అతికించే పని కాస్త వివరంగా చెబుతాను, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. మొదట చెక్క ఆరాలి. తడి చెక్కకి జిగురు పట్టదు. నీడన, గాలి ఆడే చోట రెండు దుంగల మీద పడుకోబెట్టండి. ఆరిందో లేదో కంటితో పోల్చుకోలేం. కొట్లో కాటా మీద నాలుగు రోజులకోసారి తూచండి. బరువు తగ్గడం ఆగిపోయినప్పుడు ఆరినట్టు. తర్వాత పాత రంగు, వార్నిషు గీకేయాలి. 80 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి 120తో నునుపు చేసి 220తో ముగించాలి. పీచు వెంటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే ఆ గీతలు వార్నిషు కింద కూడా కనబడతాయి.

చీలిక లోపల ఏళ్ళనాటి మట్టి, పాత నూనె ఉంటాయి. పాత హాక్సా బ్లేడుతో గీకి, టూత్ బ్రష్షుతో దులిపి, అసిటోన్‌లో ముంచిన గుడ్డ పీలికని లోపల ఆడించండి. టేకు తెడ్డయితే ఇది తప్పనిసరి. టేకుకి సహజంగా ఉండే నూనెగుణం దాన్ని పుచ్చకుండా కాపాడుతుంది, జిగురుని మాత్రం నిలవనివ్వదు. అసిటోన్ ఆరిన కాసేపట్లోనే జిగురు పెట్టేయాలి. చీలిక ఆగిన చోట, గుర్తు పెట్టుకున్న ఆ చివర, రెండు మూడు మిల్లీమీటర్ల బెజ్జం వేయండి. ఒత్తిడంతా ఆ సూదిమొన లాంటి చివరే పడుతుంటుంది. గుండ్రటి బెజ్జం ఎదురైతే ఆ ఒత్తిడి చుట్టూ పంచుకుని పగులు ముందుకి పాకదు.

జిగురు సంగతి. కుర్చీలకీ బల్లలకీ వాడే మామూలు తెల్ల జిగురు నీళ్ళలో నానితే మెత్తబడుతుంది. తెడ్డుకి రెండు భాగాలు కలిపే ఎపాక్సీ కావాలి, అరాల్డైట్ లాంటిది. అయిదు నిమిషాల్లో గట్టిపడే రకం నీటికి అంతగా ఆగదు. నిదానంగా రాత్రంతా గట్టిపడే రకమే తెచ్చుకోండి. కలిపే పాళ్ళు డబ్బా మీద ఉన్నట్టే ఉండాలి. గట్టిపడే మందు ఎక్కువ పోస్తే తొందరగా అతుకుతుందనేది వట్టి భ్రమ, అతుకు చెడుతుంది. చీలికలో సన్నని చెక్క చీపు దూర్చి కాస్త నోరు తెరిపించండి. పాత ఏటీఎం కార్డు సన్నగా కత్తిరించి దాంతో జిగురుని లోపలికి తోయండి. ఒక వైపు తోస్తుంటే రెండో వైపు తొంగి చూడాలి, అప్పుడే లోపలంతా నిండినట్టు. చీపు తీసేసి, పలకకి రెండు వైపులా ప్లాస్టిక్ కాగితం వేసి, దాని మీద చదును బద్దలు పెట్టండి. ఇక బిగింపు. వడ్రంగి దగ్గరుండే ఇనుప బిగింపులు మనకి అక్కర్లేదు. పాత సైకిలు ట్యూబుని రెండంగుళాల వెడల్పున పొడుగ్గా కత్తిరించి, సాగదీస్తూ పలక చుట్టూ చుట్టుకుంటూ రండి. ప్రతి చుట్టూ ముందు చుట్టుకి బలం చేరుస్తుంది. చీలిక వెంట జిగురు సన్నని పూసల్లా పైకి తేలిందా, అక్కడితో ఆపండి. ఇంకా లాగి కట్టారంటే జిగురంతా బయటికి పోయి అతుకు డొల్లవుతుంది. ఒక పగలు, ఒక రాత్రి కదపకండి.

చీలిక పలకలో మూడో వంతు కంటే పొడుగుంటే జిగురు మీదే భారం వేయకుండా కుట్టు వేయమంటాను. చీలికకి అటూ ఇటూ అర అంగుళం దూరంలో సన్న బెజ్జాలు వేసి, రాగి తీగతో కుట్టి, బెజ్జాలు ఎపాక్సీతో పూడ్చండి. కుట్టు మన తీరానికి కొత్త విద్యేం కాదు. కోరమండల్ తీరమంతా అలల మీద సరుకు దించిన మసూలా పడవల్లో మేకు అనేదే ఉండేది కాదు. పలకని పలకకి కొబ్బరితాడుతో కుట్టేవారు. అల వచ్చి ఇసుకకేసి కొట్టినప్పుడు మేకు పెట్టిన పడవ పగిలితే, కుట్టిన పడవ సాగి ఊరుకునేది. అంత సముద్రాన్ని ఓర్చుకున్న కుట్టు ఒక తెడ్డు పలకని నిలబెట్టడంలో వింతేముంది?

మేకుల దగ్గర ఒక జాగ్రత్త. గడకి పలక బిగించే తెడ్లలో ఇనుప మేకులు కొడతారు. మద్దిలో ఉండే వగరు రసానికి ఇనుము తగిలితే చుట్టూ చెక్క నల్లబడుతుంది, తుప్పు ఉబ్బి చెక్కని చీలుస్తుంది. రాగి మేకులు గాని, ఇత్తడి మరలు గాని, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు గాని వాడండి. ముందు బర్మాతో దారి వేసుకున్నాకే దింపండి.

అసలు ఈ పాయల్లో టేకు తెడ్లు ఎక్కడివి? గోదావరి పై అడవుల కలపని తెప్పలుగా కట్టి నది మీదే రాజమండ్రి దాకా దింపేవారు. 17వ శతాబ్దంలో తూర్పు ఇండియా కంపెనీ వాళ్ళు నరసాపురం దగ్గర మాధవాయపాలెంలో ఓడలు కట్టించుకున్నది ఆ కలప, ఇక్కడి వడ్రంగుల చెయ్యి చూసే. కోరంగి, తాళ్ళరేవు వైపు ఆ విద్య తరాల పాటు నిలిచింది. మీ ఇంట్లో తాతల నాటి తెడ్డు ఉంటే దాని పీచు ఒకసారి చూడండి. ముడి లేకుండా, కాడ మొదట్నుంచి చివర దాకా గీత గీసినట్టు ఉంటుంది. అటువంటి కలప ఇప్పుడు డబ్బు పెట్టినా దొరకడం కష్టం. దాన్ని పొయ్యిలో పెట్టబోయే ముందు బాగుచేయడానికి ఒక వారం కేటాయించండి.

తెడ్డు ఎక్కువగా అరిగేది కాడ పడవ అంచుకి ఆనే చోట. అంచు మీది గుంజకి కట్టిన తాడు దాన్ని రోజంతా ఒరుస్తుంది. అక్కడ తాడు చుట్టడం అందరూ చేసే పనే, కాని పూత లేని చెక్క మీద చుట్టేస్తారు. ఆ చుట్ల కింద నీరు, ఇసుక చేరి ఏడాది తిరిగేసరికి లోపల చెక్క మెత్తబడుతుంది. ముందు రెండు పూతలు వార్నిషు వేసి, అది గట్టిపడ్డాక చుట్టాలి. కొబ్బరిపీచు తాడు ఇసుకని పట్టి ఉంచుతుంది, అందుకని దానికంటే సన్న నైలాన్ తాడు మేలు. ఆనే చోటుకి అటూ ఇటూ జానెడు వచ్చేలా చుట్టండి. తాడు కొసని ఉచ్చులా మడిచి కాడ వెంట పడుకోబెట్టి, దాని మీదుగా ఒకదానికొకటి ఆనించి బిగుతుగా చుట్టుకుంటూ రావాలి. చివర మిగిలిన కొసని ఉచ్చులోంచి తీసి, మొదట వదిలిన రెండో కొసని లాగితే ఉచ్చు చుట్ల కిందకి జారిపోతుంది. ముడి కనబడదు, చేతికి గుచ్చుకోదు. కొసలు కత్తిరించి పైన కొవ్వొత్తి మైనం రాస్తే ఒరిపిడి తగ్గుతుంది. ఏడాదికోసారి విప్పి కింద చెక్కని చూసి మళ్ళీ చుట్టుకోవాలి.

పిడికి వార్నిషు వద్దు. నిగనిగలాడుతుంది గాని చెమట చేతికి జారుతుంది, అర్ధగంట వేస్తే అరచేతులు బొబ్బలెక్కుతాయి. నునుపుగా రుద్ది అవిసె నూనె పట్టించండి. పెయింట్ల షాపులో డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ అని అడిగితే ఇస్తారు. పచ్చి నూనె ఆరడానికి రోజులు పడుతుంది, మన వానాకాలపు చెమ్మలో దాని మీద నల్ల బూజు కూడా లేస్తుంది. మొదటి పూతకి సగానికి సగం టర్పెంటైన్ కలిపితే లోపలికి ఇంకుతుంది. పావుగంట ఆగి, మిగిలిన నూనెని పొడిగుడ్డతో తుడిచేయాలి. తుడవకపోతే జిగటగా ఉండిపోతుంది.

ఆ తుడిచిన గుడ్డ గురించి ఒక ముఖ్యమైన మాట. అవిసె నూనె గాలిలో ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. ఆ పని జరిగేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డని ఉండ చుట్టి మూల పారేస్తే ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల గీయకుండానే అంటుకుంటుంది. మే నెలలో, తాటాకు పాక కింద దాని సంగతి వేరే చెప్పాలా? గుడ్డని నీళ్ళలో ముంచి ఉంచండి, లేదా ఆరుబయట విడదీసి పరచండి. పిల్లలకి కూడా ఈ మాట చెప్పండి.

కాడకీ పలకకీ వార్నిషు గాని రంగు గాని వేయాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చెక్క పైపొరని బూడిదరంగులోకి మార్చి పీచు లేపుతాయి. ఎపాక్సీని కూడా అవి పెళుసు చేస్తాయి, కాబట్టి అతుకు మీద పూత తప్పనిసరి. పడవల కోసం చేసిన మెరైన్ వార్నిషు అడగండి. అది చెక్కతో పాటు సాగుతుంది. తలుపులకి వేసే గట్టి రకాలు చెక్క ఉబ్బగానే పెళుసుబారి రేగిపోతాయి. మొదటి పూత బాగా పలచన చేసి వేసి, ఆ తర్వాత నాలుగైదు పూతలు, మధ్యలో 220 కాగితంతో తేలిగ్గా రుద్దుతూ వేయండి. మంచు ఆరాక పొద్దున నీడపట్టున వేయాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో వేస్తే బుడగలు లేస్తాయి, సాయంత్రం చెమ్మలో వేస్తే తెల్లబారుతుంది. మొన కొసకి మాత్రం అన్నిటికంటే ఎక్కువ పెట్టండి. తాగినంత తాగనిచ్చి, ఇంక పీల్చనని చెక్క మొరాయించేదాకా పూయాలి. నన్నడిగితే పలకకి వార్నిషు కంటే మంచి ఎనామిల్ రంగే మేలు. ఎండని అసలు లోపలికి రానివ్వదు. పసుపో, తెలుపో వేస్తే నీళ్ళలో పడినా, చీకట్లో వెతికినా కనిపిస్తుంది.

పాడైన ఇంజనాయిలు పూసే అలవాటు చాలాచోట్ల ఉంది. చెదపురుగు రాదని పూస్తారు. దయచేసి మానండి. ఆ చెక్కకి ఇక ఎప్పటికీ జిగురు పట్టదు, రంగు నిలవదు. ఆ మడ్డి చేతుల్లోకీ, మనం తాగే నీళ్ళలోకీ పోతుంది. తారు పడవ అడుగుకే ఉండనివ్వండి, చేత్తో పట్టుకునే దానికి వద్దు. జీడిమామిడి పిక్కల పెంకు నూనె తీరమంతా పడవలకి పూస్తారు, అది చెక్కని బాగానే కాపాడుతుంది. కాని పలాసలో జీడిపిక్కలు వలిచే ఆడవాళ్ళ వేళ్ళు చూసినవాళ్ళకి ఆ నూనె చర్మాన్ని ఎలా కాలుస్తుందో తెలుసు. వాడితే చేతికి తొడుగు వేసుకుని పలకకే పూయండి, పిడి దరిదాపులకి రానివ్వకండి.

కాడ పీచు వెంట ఏటవాలుగా విరిగి, చెక్క గట్టిగా ఉంటే ఏటవాలు అతుకు వేయించవచ్చు. వాలు పొడుగు కాడ మందానికి ఎనిమిది నుంచి పన్నెండు రెట్లు ఉండాలి. అంటే అంగుళంన్నర కాడకి అడుగు నుంచి అడుగున్నర అతుకు. రెండు వాలులూ సందు లేకుండా కూర్చోవాలి కనక ఈ ఒక్కటి చిత్రిక చేతబట్టిన మేస్త్రికే అప్పగించండి. అలా అతికిన తెడ్డు పడవలో అదనంగా ఉంచుకోవడానికే, వరదలో మొదటి తెడ్డుగా వద్దు.

దాచడం. గోడకి నిలువుగా ఆనిస్తే రానురాను వంగుతుంది. మట్టి నేల మీద పెడితే చెద పడుతుంది. టార్పాలిన్‌లో చుట్టి కట్టేస్తే లోపల చెమ్మ పుడుతుంది. చూరు కింద గోడకి మూడు కొయ్యలు కొట్టి వాటి మీద అడ్డంగా పడుకోబెట్టండి. పొయ్యి సెగ తగలకూడదు.

పని అయ్యాక వార్నిషుకి కనీసం వారం ఇచ్చి అప్పుడు నీళ్ళలో దించండి. మొదటి రోజు రేవు పక్కనే, మోకాలి లోతులో, ఒక పావుగంట గట్టిగా వేసి చూడండి. బయటికి తీసి గుడ్డతో తుడిచి అతుకు వెంట వేలు పోనివ్వండి. నల్ల గీత తేలినా, పూత కింద తెల్లటి మచ్చ కనిపించినా అక్కడ నీరు దూరినట్టే. ఆరబెట్టి ఆ చోట మళ్ళీ గీకి పూయాలి. ఈ పరీక్షలో తెడ్డు నెగ్గాక దానికి జోడు తెడ్డు తీసుకోండి. జూన్ దాకా టైముంది, రెండోదీ ఇలాగే పూర్తి చేసుకోవచ్చు.